పాపతో ఏ భాషలో మాట్లాడాలి: పెద్దమ్మ ఉత్తరం

విద్యానగర్,
హైదరాబాద్.

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను, ఇరవై నెలలొచ్చినా పాపకి పది మాటలే వచ్చాయని బెంగపడుతున్నావు. ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు స్పీకర్‌లో పెట్టి కూరగాయలు తరుక్కుంటూ ఊఁ కొడతావు, పెట్టేశాక "పెద్దమ్మా, ఇందాక ఏమన్నావ్?" అని మళ్ళీ మెసేజ్ పెడతావు. అందుకే రాస్తున్నాను. పాప పడుకున్నాక చదువు. అల్లుడికి కూడా చదివి వినిపించు. అతనికి తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థమవుతుందిగా.

ప్లేస్కూల్ టీచర్ అన్న మాటకి ముందు జవాబు చెప్పేస్తాను. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, మూడు భాషలతో పాప కన్‌ఫ్యూజ్ అవుతోంది" అందట. నువ్వు తెలుగు మానొద్దు. మీ అత్తగారిని హిందీ మానమని అడగొద్దు. స్పీచ్ థెరపిస్టుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదే సలహా పట్టుకుని తల్లులు నా గదికి వస్తూనే ఉండేవారు. తెలుగు ఆపేయడం వల్ల మాటలు తొందరగా వచ్చాయన్న తల్లి నాకు తగల్లేదు. బిడ్డతో తాము మాట్లాడటమే తగ్గిపోయిందన్న తల్లులు మాత్రం చాలామంది. తగ్గదా మరి? మనకి ఆఫీసు ఇంగ్లీషు వస్తుంది గానీ బిడ్డతో ఆడుకునే ఇంగ్లీషు రాదు. "కమ్ హియర్, సిట్ డౌన్, డోంట్ టచ్, ఈట్ ఫాస్ట్" అంటూ పొద్దున లేచింది మొదలు ఆజ్ఞలే. అదే తెలుగులో అయితే "అబ్బో, ఎంత పెద్ద ముద్దో! ఎవరు తింటారమ్మా ఇది? అదిగో కాకి వస్తోంది, ఎత్తుకుపోతుందేమో" అని నోరు ఆగదు. పిల్లకి కావలసింది ఆ ఆగని నోరు.

అయితే భాషల సంగతికి ముందు చెవుల సంగతి చూడాలి. పుట్టినప్పుడు ఆసుపత్రిలో వినికిడి పరీక్ష పాసయింది అన్నావు. మంచిదే, కానీ అది అప్పటి సంగతి. ఈ చలికాలమంతా పాపకి జలుబు మీద జలుబు, మధ్యలో రెండు మూడు రోజులు చెవి పట్టుకుని ఏడ్చింది కూడా. జలుబు తగ్గినా కర్ణభేరి వెనక నీరు వారాల తరబడి ఉండిపోవచ్చు, నొప్పి కూడా ఉండదు. అప్పుడు పిల్లకి మాట వినపడుతుంది గానీ మసకగా వినపడుతుంది. "పిలిస్తే పలుకుతోందిగా" అంటావు. ఎదురుగా నిలబడి పిలిస్తే నీ మొహం చూసి తిరుగుతుంది. వెనక నిలబడి చప్పట్లు కొట్టడం, స్టీలు గిన్నె మీద గరిటతో మోగించడం, ఇవేవీ పరీక్షలు కావు. గిన్నె చప్పుడు వినపడ్డ చెవికి స, ఫ లాంటి సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు దగ్గరే చేయించాలి. మీ దగ్గర్లో ఈఎన్‌టీ డాక్టర్లకి కొదవ లేదు. ప్రభుత్వ సంస్థే కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి, మాట సమస్యలు చూసే సంస్థ అది.

మీ తోడికోడలికి నెలలు నిండుతున్నాయి కదా, ఆమెకీ ఒక మాట చెప్పు. వెయ్యిమంది పసిపిల్లల్లో ఒకరిద్దరికి పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది. నెలలోపు పరీక్ష, అనుమానం ఉంటే మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు వినికిడి మెషీనో చికిత్సో మొదలవ్వాలి. "కాస్త పెద్దదైతే చూద్దాం" అన్న మాట ఈ ఒక్క విషయంలో పనికిరాదు.

చెవులు బాగున్నాయని తేలాక ఒక నోటుబుక్కు తీసి పాప అనే మాటలన్నీ రాయి. ఏ భాషదైనా రాయి. నీ దగ్గర "పాలు" అంటుంది, నానమ్మ దగ్గర "దూదూ" అంటుంది అన్నావు. అవి రెండు మాటలు. కుక్కని చూసినప్పుడల్లా "బౌబౌ" అంటే అదీ మాటే. "ఆం", "టాటా", "జోజో", "జేజ" అన్నీ లెక్కే. ఉచ్చారణ సరిగ్గా లేకపోయినా ఒకే అర్థంతో పదేపదే అంటే చాలు. పది మాటలే అన్నావు గానీ నువ్వు తెలుగువి మాత్రమే లెక్కపెట్టి ఉంటావని నా అనుమానం. టీచర్ ఇంగ్లీషువి మాత్రమే లెక్కపెట్టి ఉంటుంది. రెండు మూడు భాషలు వినే పిల్లలకి ఒక్కో భాషలో మాటలు తక్కువగా కనపడతాయి, అన్నీ కలిపి చూస్తే మిగతా పిల్లలతో సమానంగానే ఉంటాయి. రెండేళ్ళు నిండేసరికి అన్ని భాషలూ కలిపి ఓ యాభై మాటలు రావాలి, "అమ్మ రా", "బువ్వ వద్దు", "పాపా చల్" లాంటి రెండు మాటల జోడింపులు మొదలవ్వాలి. నీకింకా నాలుగు నెలలు టైముంది. అప్పటికీ రాకపోతే "తర్వాత చూద్దాం" అనకుండా థెరపీ మొదలుపెడదాం. మంచి అమ్మాయి ఒకతె ఉంది, నా దగ్గర నేర్చుకుంది.

మాటలకంటే నేను ముందు చూసేవి వేరే ఉన్నాయి. కావలసింది వేలితో చూపిస్తోందా? విమానం కనపడితే ముందు దాన్ని చూపించి, తర్వాత నీ వైపు తిరిగి "చూశావా" అన్నట్టు చూస్తోందా? "చెప్పులు తీసుకురా" అంటే తెస్తోందా? ఇవన్నీ ఉంటే నాకు పెద్ద టెన్షన్ లేదు. ఇవి లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. చుట్టాలు "మా వాడూ నాలుగేళ్ళదాకా మాట్లాడలేదు, ఇప్పుడు లాయరు" అంటారు. వాళ్ళ మాట విని ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను. లాయరైనవాడి కథే చెప్పుకుంటారు, మిగతావాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక పసిపిల్లల చెవి ఎలా పనిచేస్తుందో చెప్తాను, నీకు నచ్చుతుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు 1984లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పిల్లలకి మన ట, త వినిపించారు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, వాళ్ళ పెద్దవాళ్ళకి రెండూ ఒకటే. పసివాణ్ణి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి స్పీకర్‌లో "ట ట ట ట" అని వినిపిస్తారు. ఉన్నట్టుండి అది "త త త" అయినప్పుడు తల తిప్పితే పక్కన పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చక్కగా తల తిప్పారు. పది, పన్నెండు నెలల వాళ్ళలో తిప్పినవాళ్ళు చాలా కొద్దిమంది. అదే వయసులో హిందీ ఇళ్ళ పిల్లలు మాత్రం తిప్పుతూనే ఉన్నారు. అంటే పుట్టినప్పుడు అన్ని భాషలకీ తెరిచి ఉన్న చెవి, ఏడాది తిరిగేసరికి తన చుట్టూ ఉన్నవాళ్ళ భాషలకి ట్యూన్ అయిపోతుంది. నీ కూతురు ఆ వయసు దాటేసింది. దాని చెవిలో ఇప్పటికే తెలుగూ హిందీ, మన హైదరాబాద్ ఉర్దూ అదే దక్కనీ కూర్చున్నాయి. ఇప్పుడు నువ్వు వాటిని ఆపి ఏం సాధిస్తావు?

ఫోన్ గురించి నిన్ను తిట్టను, అన్నం తినిపించాలంటే రైమ్స్ పెట్టక తప్పట్లేదన్నావు. కానీ ఇది విను. అమెరికాలో పట్రీషియా కూల్ అనే ఆవిడ బృందం 2003లో తొమ్మిది నెలల పిల్లలకి చైనా భాష వినిపించింది. ఒక గుంపుకి మనిషే ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ చైనా భాషలో మాట్లాడింది. ఇంకో గుంపుకి అదే వీడియోలో చూపించారు. పన్నెండు సార్లు కూర్చోబెట్టాక చూస్తే, మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టేశారు. వీడియో చూసిన పిల్లలకి ఏమీ అంటలేదు. అవే మాటలు, అదే గొంతు. ఫోన్‌లోని అమ్మాయి నీ పాప కళ్ళలోకి చూడదు, పాప చెయ్యి చాపితే ఆగదు, పాప "ఆఁ?" అంటే మళ్ళీ చెప్పదు. రైమ్ మొత్తం అప్పజెప్పేసి, దాహమేస్తే మంచినీళ్ళు అడగలేని పిల్లలు ఎంతమంది నా దగ్గరికి వచ్చేవారో. రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దనే పిల్లల డాక్టర్లు చెప్తున్నారు. అమ్మమ్మతో వీడియో కాల్ వేరు, అందులో అవతల మనిషి జవాబు చెప్తుంది, అది కానివ్వు.

ఇంకో నాలుగైదు నెలల్లో పాప మాటల్ని జోడించడం మొదలుపెడుతుంది, అప్పుడు నీకు అసలు వినోదం. తప్పులు మాట్లాడుతుంది. ఆ తప్పులే పిల్లలు భాషని చిలకల్లా వల్లించరని చెప్పే సాక్ష్యం. "నాన్న వచ్చింది" అంటుంది చూడు. ఎందుకంటే దాని చెవిలో రోజంతా పడేవి "అమ్మ వచ్చింది, కరెంట్ వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది". దాన్నిబట్టి ఒక సూత్రం కట్టుకుంది, నాన్నకి కూడా తగిలించింది. "రాలేదు" అనడానికి "వచ్చలేదు" అంటుంది. "ఇళ్ళు" అనడానికి "ఇల్లులు" అంటుంది. "ఇల్లులు" అని నువ్వెప్పుడైనా అన్నావా? మీ అత్తగారన్నారా? ఎవరూ అనని మాట దానికెక్కణ్ణుంచి వచ్చింది? చెట్టు చెట్లు, పిల్లి పిల్లులు, కాబట్టి ఇల్లు ఇల్లులు అని లెక్క వేసుకుంది. అమెరికాలో జీన్ బెర్కో 1958లో పిల్లలకి అసలు లేని జంతువు బొమ్మ గీసి, దానికి "వగ్" అని లేని పేరు పెట్టి, "ఇప్పుడిలాంటివి రెండున్నాయి, ఏమంటావ్?" అని అడిగింది. నాలుగేళ్ళ పిల్లలు కూడా ఎన్నడూ వినని ఆ మాటకి బహువచనం టక్కున చెప్పారు.

కాబట్టి "కాదు, తప్పు, మళ్ళీ చెప్పు" అని ఆపకు. "నాన్న వచ్చింది" అంటే "అవును, నాన్న వచ్చాడు! సంచీలో ఏం తెచ్చాడో చూద్దాం పద" అని మాట ముందుకి నడిపించు. సరైన రూపం దాని చెవిన పడింది, మాట్లాడాలన్న ఉత్సాహమూ చావలేదు. ఆ రూపం నిలబడటానికి వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టొచ్చు. కంగారుపడకు.

ముద్దుగా ఉందని నువ్వు దాని ఉచ్చారణని వెక్కిరించినట్టు అనకు. పాపకి ర పలకదు, "లైలు" అంటుందని మీ అత్తగారు కూడా "లైలు వచ్చిందా" అంటున్నారటగా. నా దగ్గరికి వచ్చే ఒక బుడతడు నేను "లైలు" అంటే కోపంగా "లైలు కాదు, లైలు!" అని కాలు నేలకేసి కొట్టేవాడు. వాడి నోటికి ర తిరగదు గానీ చెవికి బాగానే తెలుసు. నేను "రైలా?" అన్నాక శాంతించాడు. ర అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే శబ్దాల్లో ఒకటి, దాని గురించి నాలుగేళ్ళదాకా ఆలోచించనే అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం ఇంట్లో నువ్వే నేర్పాలి, బయట దొరకదు. మనం, మేము. మా పై ఫ్లాట్‌లో ఒకటో తరగతి పిల్ల ఉంది, ఇంట్లో ఇంగ్లీషు, హిందీ, కొంచెం తెలుగు. అది కింద ఇంటి పిల్లతో "రేపు మనం ఊరెళ్తున్నాం" అంది. ఆ రెండోది పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళి బ్యాగులో గౌన్లు సర్దేసుకుంది. తీరా చూస్తే వీళ్ళు వెళ్ళేది వీళ్ళ అమ్మమ్మగారింటికి. సాయంత్రమంతా ఏడుపు. హిందీలో "హమ్" అంటే రెండూ, ఇంగ్లీషులో "వీ" అంటే రెండూ. ఎదుటివాణ్ణి కలుపుకుంటున్నామా లేదా అన్నది మన భాష ప్రతిసారీ చెప్పించుకుంటుంది. ఇది ద్రావిడ భాషల పాత ఆస్తి. ఇప్పటి కన్నడం దీన్ని పోగొట్టుకుంది. మరాఠీ, గుజరాతీ ఉత్తరాది కుటుంబానివైనా వాటికి ఈ తేడా ఉంది, ద్రావిడ భాషల సావాసం వల్లే వచ్చిందని చాలామంది అంటారు. పాఠంలా చెప్పక్కర్లేదు. "మనం పార్కుకెళ్దాం", "మేము ఆఫీసుకెళ్తున్నాం, నువ్వు నానమ్మ దగ్గరుండు" అని రోజూ అంటూ ఉంటే అదే పడుతుంది.

సావాసం అంటే గుర్తొచ్చింది, నీ రెండో టెన్షన్. పాప అన్నీ కలిపేసి "అమ్మా, పానీ కావాలి" అంటోందని, మీ ఇంట్లో పనిచేసే ఆయమ్మ మాట వల్ల తెలుగు కూడా "పాడవుతోంది" అని మీ అమ్మ రాజమండ్రి నుంచి గోల పెడుతోందని. మీ అమ్మ నా చెల్లెలే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, దాని మాట పట్టించుకోకు. ఆయమ్మ "ఏం జేస్తున్నవ్ బిడ్డా, నిద్ర వస్తలేదా?" అంటుంది. "వస్తలేదు" తప్పేం కాదు, తెలంగాణలో కోట్లమంది తల్లులు బిడ్డలతో అనే మాట. పాప నీ దగ్గర "రావట్లేదు" అనీ, ఆయమ్మ దగ్గర "వస్తలేదు" అనీ అంటుంది. ఎవరి దగ్గర ఏది అనాలో పిల్లలకి మనకంటే బాగా తెలుస్తుంది. పైగా మీ ఇంట్లో పొద్దంతా పాపతో నోరారా తెలుగు మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ నోరు మూయించావో, పాప తెలుగు సగానికి సగం పోతుంది.

కలపడం గురించి. "పానీ కావాలి" అన్నప్పుడు చూడు, మాట హిందీది, వాక్యం తెలుగుది. మనం "స్కూల్‌కి లేటైపోయింది, బస్సు మిస్సవుతుంది" అన్నప్పుడూ అంతే. ఎముకలు తెలుగువి, చొక్కా ఇంగ్లీషుది. ఆ మాట తెలుగులో ఇంకా రాలేదు, హిందీలో ఉంది, అది తీసి వాడింది, అంతే. నువ్వు "మంచినీళ్ళు కావాలా? ఇదిగో మంచినీళ్ళు, చల్లగా ఉన్నాయి" అని ఇవ్వు. తెలుగులో అడిగేదాకా నీళ్ళు ఇవ్వననడం లాంటివి చెయ్యకు. మీ కజిన్ అలా చేసి పిల్లాడి చేత తెలుగు మీద అసహ్యం తెప్పించింది.

కల్తీ అని భయపడితే మనం ఈ ఊళ్ళో నోరెత్తలేం. కుర్చీ, జవాబు, దుకాణం, హక్కు, రైతు, ఇవి అరబ్బీ పారసీల నుంచి వచ్చాయి. మేస్త్రీ, అల్మారా, బొత్తాం, అనాస, ఇవి పోర్చుగీసు వాళ్ళ నుంచి. రైతు తెలుగువాడు కాదని ఎవరైనా అంటారా? ఇప్పుడు బస్సు, పెన్ను, కారు కూడా వెనక ఒక ఉకారం తగిలించుకుని మన ఇంట్లో మనిషైపోయాయి.

మాటలు తీసుకోవడం చిన్న విషయం. వాక్యం కట్టే తీరు కూడా ఒక భాష నుంచి ఇంకో భాషలోకి జారుతుంది, దానికి మన హైదరాబాద్ ఉర్దూ కంటే మంచి ఉదాహరణ లేదు. ఢిల్లీలో "ఉస్‌నే కహా కి వో ఆయేగా" అంటారు. మన పాతబస్తీలో "ఆతూఁ బోల్‌కే బోలా" అంటారు. తెలుగులో పెట్టి చూడు, "వస్తానని చెప్పాడు". "వస్తాను" పక్కన "అని", తర్వాత "చెప్పాడు". "అని" ఉన్న చోట "బోల్‌కే" కూర్చుంది, మాటలన్నీ ఉర్దూవే. వాళ్ళ "నక్కో" మరాఠీది. ఈ ఊరు 1591లో పుట్టకముందు నుంచే గోల్కొండలో పారసీ, దక్కనీ, తెలుగు పక్కపక్కన బతికాయి. ఇబ్రహీం కుతుబ్ షాని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. నాలుగు వందల ఏళ్ళకు పైగా తెలుగు వాళ్ళు ఉర్దూ, ఉర్దూ వాళ్ళు తెలుగు మాట్లాడుతూ వచ్చారు కాబట్టి రెండూ ఒకదాన్నొకటి అచ్చుపోసుకున్నాయి. మన వైపు "జర ఆగు", "మస్తుగుంది", "పరేషాన్ చెయ్యకు" అట్లా వచ్చినవే.

దేశమంతా ఇదే కథ. మరే ఎమెనో అనే పండితుడు 1956లో భారతదేశమంతా ఒకే "భాషా ప్రాంతం" అని వాదించాడు. వేర్వేరు కుటుంబాల భాషలు వేల ఏళ్ళ ఇరుగుపొరుగు వల్ల ఒకదానిలా ఒకటి తయారయ్యాయని. మన ట, డ, ణ హిందీలోనూ ఉన్నాయి, హిందీకి దూరపు చుట్టమైన ఇంగ్లీషులో లేవు. అవి ఉత్తరాదికి దక్షిణం నుంచే వెళ్ళాయా, ఎంతవరకూ వెళ్ళాయి అన్నది ఇప్పటికీ వాదనే. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో కుప్వాడ్ అనే ఊరుంది. అక్కడ కన్నడం, మరాఠీ, ఉర్దూ వందల ఏళ్ళు కలిసి బతికి ఎలా తయారయ్యాయంటే, ఒక భాష వాక్యంలో మాటకి మాట మార్చుకుంటూ పోతే రెండో భాష వాక్యం వచ్చేస్తుంది. గంపర్జ్, విల్సన్ అనే ఇద్దరు 1971లో దీని గురించి రాశారు. అయినా ఆ ఊరివాళ్ళు ఏ ఇంటి భాష ఆ ఇంట్లో నిలబెట్టుకున్నారు. నాకు ఆ ఊరి కథలో నచ్చేది ఈ చివరి సంగతే. భాషలు కలిసినందువల్ల చావలేదు, ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉన్నారు కాబట్టి బతికాయి.

ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏం మాట్లాడాలి. పుస్తకాల్లో "ఒక మనిషి ఒక భాష" అని చెప్తారు. ఫ్రాన్స్‌లో జూల్ రోంజా అనే భాషాశాస్త్రవేత్త తన కొడుకుతో తను ఫ్రెంచి మాత్రమే, జర్మన్ భార్య జర్మన్ మాత్రమే మాట్లాడేట్టు పెట్టుకుని 1913లో పుస్తకం రాశాడు. పిల్లవాడికి రెండూ చక్కగా వచ్చాయి. మన ఇళ్ళలో అంత పట్టింపు కుదరదు, అవసరమూ లేదు. అత్తగారు హిందీలో కథ చెప్తుంటే నువ్వు మధ్యలో తెలుగులో నవ్వుతావు, ఏమవుతుంది? కానీ నువ్వు మాత్రం పాపతో తెలుగు వదలకు. మీ అత్తగారి హిందీ కూడా మంచి హిందీ, భోపాల్ హిందీ, పాపకి అదొక ఆస్తి.

అల్లుడి సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. బెల్జియంలో అనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు దాదాపు రెండు వేల కుటుంబాల్ని అడిగి 2007లో రాసింది. ఇంట్లో రెండు భాషలు వింటూ పెరిగిన పిల్లల్లో దాదాపు నాలుగోవంతు మంది బయటి భాష ఒక్కటే మాట్లాడుతున్నారు. తల్లీతండ్రీ ఇద్దరూ ఇంటిభాష మాట్లాడే చోట అది బాగా నిలబడింది, ఒక్కరే మాట్లాడే చోట జారిపోయింది. నువ్వంటావు, హైదరాబాద్‌లో తెలుగుకేం లోటు, 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల పైచిలుకు మంది ఉన్నాం అని. నిజమే. మణికొండలో మీ గేటెడ్ కమ్యూనిటీ పార్కుకి సాయంత్రం వెళ్ళి విను. తెలుగు తల్లులు కూడా తమలో తాము తెలుగు, పిల్లలతో ఇంగ్లీషు. అక్కడ మన భాషే మైనారిటీ. అందుకని అల్లుణ్ణి కూడా వచ్చినంత తెలుగు మాట్లాడమను. "పాప, తిను, దా, పడుకుందాం" చాలు. అతని తెలుగు తప్పుల వల్ల పాపకి నష్టమేం లేదు, సరైనది నేర్పడానికి నువ్వూ ఆయమ్మా ఉన్నారు. నాన్న కూడా ఈ భాష మాట్లాడతాడు అన్న సంగతి దానికి తెలియడమే ముఖ్యం.

ఇంగ్లీషు వెనకబడుతుందేమో అన్న బెంగ వద్దే వద్దు. ఇంగ్లీషు తలుపు తోసుకుని వస్తుంది. మూడో ఏట స్కూల్లో వేసిన ఆరు నెలలకి చూడు, నువ్వు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్తుంది. చాలా ఇళ్ళలో తెలుగు జారిపోయేది అక్కడే. అప్పుడు తల్లి కూడా ఇంగ్లీషులోకి మారిపోతుంది, సులువు కదా. నువ్వు మారకు. కోప్పడకుండా, దాని మాటనే తెలుగులో తిరిగి అని, తెలుగులోనే మాట సాగించు. దానికి తెలుగు తప్ప వేరే దారి లేని మనుషుల్ని చుట్టూ ఉంచు. సెలవులకి రాజమండ్రి పంపు, ఆ ఊళ్ళో నీళ్ళ ట్యాంకు దగ్గర ఆడుకునే పిల్లలు నీకంటే మంచి టీచర్లు. 2018 చట్టం వల్ల తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు నేర్పాలి. అక్షరాలు ఎలాగూ వస్తాయి. కానీ స్కూల్లో వచ్చేది సబ్జెక్టు. రాత్రి లైటు తీసేశాక "ఇంకో కథ" అని అడిగే తెలుగు నీ దగ్గరే రావాలి.

రెండు మూడు భాషలొస్తే పిల్లలు తెలివైనవాళ్ళవుతారు అని కూడా కొందరు ఊదరగొడతారు. ఒకప్పుడు దీనికి తిరగేసి చెప్పేవారు, రెండు భాషలైతే బుర్ర మందగిస్తుందని. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు పదేళ్ళ పిల్లల్ని పరీక్షించి ఆ భయం పోగొట్టారు. మన దేశంలో అజిత్ మహంతి అనే ఆయన ఒడిశా కోంధు గిరిజన పిల్లల్ని చూసి, వాళ్ళ సొంత భాష కుయి, ఒడియా రెండూ వచ్చినవాళ్ళు ఒడియా ఒక్కటే వచ్చినవాళ్ళకంటే భాష గురించిన పరీక్షల్లో బాగా చేశారని రాశాడు. తర్వాత ఆ లాభం అందరికీ కనపడలేదని వాదనలూ వచ్చాయి. నేనైతే మార్కుల కోసం తెలుగు మాట్లాడమని ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మతో పాప నేరుగా మాట్లాడగలగడం, మధ్యలో నువ్వు అనువాదం చెయ్యక్కర్లేకపోవడం చాలదా?

టీచర్‌తో గొడవ పెట్టుకోకు. ఆ పిల్ల కూడా ఏ వారం రోజుల ట్రైనింగులోనో విన్న మాట చెప్పి ఉంటుంది. "ఇంగ్లీషు మీరు చూసుకోండి మేడమ్, ఇంటి భాషలు మేం చూసుకుంటాం" అను. పాప అనే మాటలకి అర్థాలు ఒక కాగితం మీద రాసివ్వు, "ఆం" అంటే అన్నం, "మ్మ" అంటే మంచినీళ్ళు, "దూదూ" అంటే పాలు అని. క్లాసులో పాప ఏడుపు సగం అక్కడే తగ్గుతుంది.

శనివారం ఆడియాలజిస్టు దగ్గరికి నేనూ వస్తాను. పుట్టినప్పటి రిపోర్టు, మాటల నోటుబుక్కు తెచ్చుకో. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే పాప మెలకువగా ఉండాలా, నిద్రపోవాలా అని అడుగు. కొన్ని పరీక్షలకి నిద్రపుచ్చాలి, కొన్నింటికి హుషారుగా ఉండాలి. ముక్కు కారుతుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పు. పెరుగన్నం డబ్బా మర్చిపోకు, ఆకలేసి ఏడిస్తే ఏ పరీక్షా కుదరదు. ఆయమ్మని కూడా తీసుకురా, పాప ఎవరి దగ్గర ఎలా పలుకుతుందో నాకు చూడాలనుంది.

అల్లుడికి, మీ అత్తగారికి నా నమస్కారాలు. పాపకి ముద్దులు.

పెద్దమ్మ